హై వేస్తే ఆరిపోయే ఫాగ్ లైట్లు: ఒకే బండికి రెండుసార్లు చేసిన పని

హై బీమ్ వేసినా ఫాగ్ లైట్లు ఆరకుండా చేసే ఈ పనికి మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. మళ్ళీ సరిచేయడానికి రెండు రాత్రులు పట్టింది. రిలే కాలిపోలేదు, ఫ్యూజ్ ఎగరలేదు, వైరింగ్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు, కస్టమర్ అడిగింది అడిగినట్టే చేసిచ్చాను. అయినా బండి తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో కనిపెట్టడానికి ఒక రాత్రి, సరిచేయడానికి ఇంకో రాత్రి.

బండి పాత ఎస్‌యూవీ. హెడ్‌లైట్లలో హెచ్4 బల్బులు, అంటే ఒకే బల్బులో లో బీమ్‌కి 55 వాట్ల ఫిలమెంట్, హై బీమ్‌కి 60 వాట్ల ఫిలమెంట్. కింద బంపర్లో బండితో పాటు వచ్చిన ఫాగ్ లైట్లు. లైట్ల మీద పెత్తనం చేసే కంప్యూటర్ ఏదీ లేదు, అంతా స్విచ్‌లు, రిలేలు, రాగి తీగలే. ఇలాంటి బండి వస్తే నాకు హాయిగా ఉంటుంది, ఎక్కడ మీటర్ పెడితే అక్కడ సూటిగా సమాధానం వస్తుంది.

కస్టమర్ రాత్రిళ్ళు కొండదారుల్లో తిరిగే మనిషి. ఆయన బాధ ఏంటంటే, లో బీమ్‌లో ఉన్నంతసేపూ ఫాగ్ లైట్లు రోడ్డు అంచుల్నీ పక్కనున్న గుంటల్నీ బాగా చూపిస్తాయి, హై వేయగానే టక్కున ఆరిపోతాయి, అదీ సరిగ్గా మలుపు తిరిగేటప్పుడు. "హైతో పాటు అవి కూడా వెలగాలండీ, అంతే. స్విచ్ నేను వేసుకుంటే ఆర్పడానికి బండికేం హక్కు?" అన్నారు. న్యాయమే కదా అనిపించింది నాకు కూడా.

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. ఆ మధ్య హెడ్‌లైట్లకి ఎల్ఈడీ బల్బులు వేయించారట, వేసిన రోజు నుంచి ఫాగ్ లైట్లు పూర్తిగా పడుకున్నాయట, ఎల్ఈడీలు పీకేసి పాత బల్బులు పెడితే మళ్ళీ బతికాయట. రిలే లూజ్ అయ్యుంటుందని ఎవరో చెప్పారట. నేను ఒకటే అడిగాను: ఎల్ఈడీలు ఉన్నప్పుడు ఫాగ్ స్విచ్ వేస్తే మీటర్ బోర్డులో హై బీమ్ నీలం గుర్తు సన్నగా వెలిగేదా? ఆయన నా మొహం చూసి, "అవును, కొద్దికొద్దిగా వెలిగేది. మీకెలా తెలుసు?" అన్నారు. బానెట్ ఎత్తకముందే సగం సర్క్యూట్ తెలిసిపోయింది.

ఎలాగో చెప్పాలంటే ముందు రిలే గురించి రెండు ముక్కలు చెప్పాలి. మామూలు నాలుగు పిన్నుల రిలేలో 30 అనే పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి కరెంటు వస్తుంది, 87 నుంచి లైట్లకి పోతుంది, ఈ రెండింటినీ కలిపే కాంటాక్ట్‌ని లోపలున్న కాయిల్ లాగి పెడుతుంది. ఆ కాయిల్ రెండు కొసలే 85, 86. ఒక కొసకి 12 వోల్టులు, ఇంకో కొసకి ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌కి కలిసిన బండి బాడీ) అందితే రిలే టక్కుమంటుంది, లైట్లు వెలుగుతాయి. రెండు కొసలకీ 12 వోల్టులు వచ్చినా, రెండూ ఎర్త్ అయినా అది కదలదు. ఈ బండిలో చేసిన గమ్మత్తంతా ఈ ఆఖరి వాక్యంలోనే ఉంది.

ఫాగ్ స్విచ్ వేసి, లో బీమ్‌లో పెట్టి, రిలే సాకెట్ వెనక నుంచి మీటర్ పిన్ను దూర్చాను. 86 మీద 12.3 వోల్టులు, 85 మీద 0.02. రిలే లాగి ఉంది, లైట్లు వెలుగుతున్నాయి. హై వేశాను. 86 మీద అదే 12.3. 85 మీద చూస్తే 12.2! అంటే 85 పిన్ను వైరు బాడీ ఎర్త్‌కి పోవడం లేదు, హై బీమ్ వైరుకి పోతోంది. హై ఆరి ఉన్నప్పుడు కాయిల్ కరెంటు ఆ వైరులో దిగి, హెడ్‌లైట్లలోని హై ఫిలమెంట్ల గుండా ఎర్త్‌కి చేరుతోంది. కాయిల్ రెసిస్టెన్స్ 80 ఓమ్‌లు, కాబట్టి నడిచేది 150 మిల్లీఆంపియర్లు. 60 వాట్ల ఫిలమెంట్ వెలుగుతున్నప్పుడే దాదాపు రెండున్నర ఓమ్‌లు, చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు, పైగా రెండు బల్బులు పక్కపక్కన ఉన్నాయి, ఈ కాస్త కరెంటుకి అవి వెలగవు కదా, కనీసం వెచ్చబడవు కూడా. కాయిల్‌కి మాత్రం అవి మంచి ఎర్త్ లాగే పనికొస్తాయి. హై వేయగానే ఆ వైరులోకే 12 వోల్టులు వస్తాయి, కాయిల్ రెండు కొసలూ సమానమైపోతాయి, రిలే వదిలేస్తుంది. ఒక్క పార్ట్ కూడా అదనంగా పెట్టకుండా, ఒక్క వైరు ఎక్కడ కలపాలో ఆలోచించి పెట్టారు. ఎవరు గీశారో గానీ దండం పెట్టాలి.

ఇప్పుడు ఎల్ఈడీ కథ మీకే అర్థమై ఉంటుంది. ఎల్ఈడీ బల్బులో ఫిలమెంట్ ఉండదు, డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, అది కాయిల్ కరెంటుకి దారివ్వదు. కరెంటు ఇంకో దారి వెతుక్కుని మీటర్ బోర్డులోని హై బీమ్ గుర్తు గుండా పోతుంది, ఆ దారిలో రిలే లాగేంత కరెంటు రాదు గానీ గుర్తు సన్నగా వెలగడానికి సరిపోతుంది. పాపం ఆ రిలేని అనవసరంగా అనుమానించారు.

అన్ని బండ్లూ ఇలా ఉండవు. ఇంకో రకంలో కాయిల్‌కి వచ్చే 12 వోల్టులే లో బీమ్ వైరు నుంచి వస్తాయి, హై వేస్తే లో ఆరుతుంది, దాంతో పాటే కాయిల్ ఆకలితో పడిపోతుంది. మీటర్ పెడితే తేలిగ్గా తెలుస్తుంది: హై వేసినప్పుడు 86 మీద వోల్టేజీ పోతే ఈ రెండో రకం, 86 అలాగే ఉండి 85 పైకి లేస్తే మన రకం. కొన్ని రిలేల్లో 85, 86 తారుమారుగా వైరింగ్ చేసి ఉంటారు కాబట్టి పిన్ను నంబరు నమ్మి కూర్చోకండి, ఏ కొస మారుతోందో చూడండి. రిలే కాయిల్‌నే ఒక మాడ్యూల్ (లైట్లని నడిపే చిన్న కంప్యూటర్) నడుపుతున్నా, అసలు రిలేయే కనబడకపోయినా అది మూడో రకం, దాని సంగతి చివర్లో.

సరే, పనికి దిగాను. ముందు ఫాగ్ లైట్ల కరెంటు ఎంతో చూద్దామని, వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ వేస్తే 8.6 ఆంపియర్లు చూపించింది. హౌసింగ్ వెనక ముద్ర చూస్తే హెచ్8 అని ఉంది. హెచ్8 అంటే 35 వాట్లు, జతకి ఆరు ఆంపియర్ల లోపే ఉండాలి. బల్బు తిప్పి బయటికి లాగాను. హెచ్11, 55 వాట్లది. ఈ రెండు బల్బులూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాంట్లో ఇంకోటి పట్టకుండా బేస్ చుట్టూ ఉండే చిన్న ముక్కుల్ని వేర్వేరుగా పెడతారు. ఎవరో ఆకురాయితో ఒక ముక్కు అరగదీసి మరీ తోశారు. గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎడమ పక్క రిఫ్లెక్టర్ పై భాగం టీ మరక పడ్డట్టు గోధుమ రంగుకి తిరిగింది, హోల్డర్ ప్లాస్టిక్ గోటితో గీస్తే పొడిపొడిగా రాలుతోంది. ఫ్యూజ్ 15 ఆంపియర్లది, దానికి 8.6 ఒక లెక్క కాదు, అది ఎందుకు ఎగురుతుంది? ఫ్యూజ్ కాపాడేది వైరుని మాత్రమే, ప్లాస్టిక్‌ని కాదు.

ఇన్నాళ్ళూ హై వేసినప్పుడల్లా ఆరిపోవడం వల్ల ఆ హౌసింగ్‌కి మధ్యమధ్యలో కాస్త ఊపిరి దొరికేది. నేను చేయబోయే పనితో అవి గంటల తరబడి ఏకధాటిగా వెలుగుతాయి. అందుకే ఆయనతో తేల్చి చెప్పాను, 35 వాట్ల బల్బులు వేస్తేనే ముందుకెళ్దాం, లేకపోతే వద్దు. ఎక్కువ వాట్లు పోతున్నాయని కాస్త చిన్నబుచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు. హోల్డర్లు రెండూ మార్చాను.

మొదటి పని చాలా చిన్నది. 85 పిన్నుని సాకెట్ నుంచి బయటికి తీసి, హై బీమ్ వైరు కొసకి స్లీవ్ వేసి కట్టేశాను. కత్తిరించలేదు, కత్తిరించకండి కూడా, రేపు వెనక్కి పెట్టాల్సి వస్తే అతుకుల బతుకు అవుతుంది. ఆ చోట్లోకి కొత్త పిన్ను క్రింప్ చేసి, పెయింట్ గీకిన బాడీ బోల్టుకి లగ్ వేసి ఎర్త్ ఇచ్చాను. ఫాగ్ స్విచ్‌కి సప్లై పార్కింగ్ లైట్ల సర్క్యూట్ నుంచే వస్తోంది, కాబట్టి లైట్లన్నీ ఆపేస్తే ఫాగ్ కూడా ఆరుతుంది, మర్చిపోయి దిగిపోయినా బ్యాటరీకి ఢోకా లేదు. లో వేశా, హై వేశా, డిప్పర్ కొట్టా, ఫాగ్ కదల్లేదు. ఆయన సంతోషంగా తీసుకెళ్ళారు.

రెండు వారాలకి ఫోన్. "అండీ, ఫాగ్ లైట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ హై బీమ్ డల్ అయింది. మీరు చేసిన వైరింగ్ హెడ్‌లైట్ల కరెంటు లాగేస్తున్నట్టుంది." అలా జరగదని నాకు తెలుసు. ఫాగ్ లైట్లకి కరెంటు బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజ్ మీద వస్తుంది, హెడ్‌లైట్ల వైరు వేరు. అయినా కస్టమర్ కళ్ళు అబద్ధం చెప్పవు, ఆయన చెప్పే కారణం తప్పు కావచ్చు గానీ చూసింది మాత్రం చూశారు. రమ్మన్నాను.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి హెచ్4 హోల్డర్ వెనక హై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య కొలిచాను. ఫాగ్ ఆపి ఉంటే 13.1 వోల్టులు. ఫాగ్ వేస్తే 13.0. హాలోజన్ బల్బు వెలుతురు వోల్టేజీతో చాలా వేగంగా మారుతుంది, దాదాపు 3.4వ ఘాతం లెక్కన, అంటే వోల్టేజీ 5 శాతం పడితే వెలుతురు 16 శాతం పడిపోతుంది. కానీ ఇక్కడ పడింది పాయింట్ ఒకటి, లెక్కేస్తే వెలుతురులో రెండు మూడు శాతం. అది ఏ కంటికీ తెలియదు. నమ్మకం కోసం గోడకెదురుగా పెట్టి హై బీమ్ నడిమధ్య వెలుతురు కొలిచే లక్స్ మీటర్ పెట్టాను, ఫాగ్ వేసినా తీసినా అంకె దాదాపు అక్కడే ఉంది. బల్బు తగ్గలేదు. మరి ఆయనకి తగ్గినట్టు ఎందుకు కనిపిస్తోంది?

రాత్రి అయ్యాక వాహనాలు రాని ఒక తిన్నటి రోడ్డు మీదికి బండి తీసుకెళ్ళాం. మా కుర్రాడి చేతిలో ఒక అట్టముక్క పెట్టాను, బూడిద రంగు పూసింది, చిన్న కుర్చీ అంత ఉంటుంది. వాడు దాన్ని రోడ్డు పక్కన నిలబెట్టి కొంచెం కొంచెం దూరం జరుపుతూ పోవాలి, సీట్లో నేను. హై బీమ్ మాత్రమే వేసి, అట్ట ఇంకా లీలగా కనిపిస్తోంది అనే చోట ఆపమన్నాను. కళ్ళు దాని మీదే పెట్టి ఫాగ్ స్విచ్ నొక్కాను. అట్ట మాయమైంది. తీశాను, రెండు మూడు సెకన్లకి మళ్ళీ వచ్చింది. వేశా, పోయింది. పక్క సీట్లో ఉన్న కస్టమర్‌ని అడిగితే "ఫాగ్ వేస్తే ఎక్కువ వెలుతురు ఉన్నట్టే ఉందండీ" అన్నారు. నిజమే, నాకూ అలాగే అనిపించింది, బండి ముందంతా తెల్లగా పరుచుకుని ధీమాగా ఉంది. మరి అట్ట ఎక్కడుంది అని అడిగా. ఆయన మాట్లాడలేదు.

అది మళ్ళీ కనిపించేదాకా కుర్రాణ్ణి బండి వైపు నడవమంటే పదిహేను అడుగులేశాడు. వరస మార్చి నాలుగుసార్లు చూశాం, కస్టమర్‌ని సీట్లో కూర్చోబెట్టి చూశాం, కుర్రాణ్ణి కూర్చోబెట్టి చూశాం. వాడి వయసు కళ్ళకి తేడా తక్కువే వచ్చింది, కానీ ప్రతిసారీ అటువైపే వచ్చింది. ఒక రాత్రి, మూడు జతల కళ్ళు, ఇది శాస్త్రం అని నేననను. ఆయన "డల్ అయింది" అన్నది ఎక్కడో మాత్రం దొరికింది. డల్ అయింది బల్బు కాదు, ఆయన కన్ను.

ఫాగ్ లైట్ పుంజం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. బంపర్లో కిందగా ఉంటుంది, బాగా వెడల్పుగా, పల్చటి పళ్ళెంలా పరుచుకుంటుంది, పైన కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. దాని వెలుగంతా బండి ముందు ఇరవై ముప్పై మీటర్ల లోపే పడుతుంది. కన్ను తన ముందున్న పెద్ద వెలుతురు మడుగుని బట్టి కంటిపాపని సర్దుకుంటుంది, దగ్గర రోడ్డు తెల్లగా మెరిసిపోతుంటే పాప చిన్నదవుతుంది, చూపు కూడా తెలియకుండానే అక్కడికే లాక్కెళ్ళబడుతుంది. దూరంగా ఉన్న మసక వస్తువు నుంచి వచ్చే వెలుతురు ఎప్పుడూ అంతే, దాన్ని పట్టుకునే శక్తే కంటికి తగ్గింది. ఇంట్లో లైటు వేసుకుని కిటికీలోంచి చీకట్లోకి చూస్తే ఏమవుతుందో అదే.

హై బీమ్ వేసుకునేదే దూరం కోసం. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. అంటే ఫాగ్ లైట్ చూపించే మడుగు ఒకటీ ఒకటిన్నర సెకన్ల దూరంలో ఉంది. అక్కడ గుంట కనిపించినా మీరు చేయగలిగేది ఏమీ లేదు, కాలు బ్రేక్ మీదికి వెళ్ళేలోపే దాటేస్తారు. అదే 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 8 మీటర్లు, మడుగు చివరికి చేరడానికి మూడు సెకన్లు పైన పడుతుంది, అప్పుడు రోడ్డు అంచు, రాయి, గుంట, పక్కన నిలబడ్డ పశువు, అన్నీ పనికొచ్చే సమాచారమే. కస్టమర్ అడిగింది కొండ మలుపుల గురించి, అక్కడ ఆయన కరెక్టే. హై బీమ్ సూటిగా పోతుంది, మలుపులో అది లోయనో చెట్లనో వెలిగిస్తుంది, బండి తిరగబోయే చోట చీకటే ఉంటుంది. కానీ నేను చేసిచ్చింది మలుపుల కోసం చేసింది కాదు, అన్ని రోడ్లకీ ఎప్పటికీ అంటించేశాను. ఆయన మలుపుల్లోంచి దిగి తిన్నటి రోడ్డెక్కాక కూడా అవి వెలుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే ఆర్పాలని ఎవరికీ గుర్తుండదు. అంతకుముందు బండే గుర్తు పెట్టుకుని ఆర్పేది.

మంచు గురించి కూడా ఒక మాట, పేరు ఫాగ్ లైట్ కాబట్టి. దట్టమైన పొగమంచులో హై బీమే తప్పు, ఆ వెలుగు నీటి బిందువులకి తగిలి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్లగోడ లేస్తుంది. అప్పుడు లో బీమ్‌తో ఫాగ్ వేసుకుని నెమ్మదిగా పోవాలి. హై, ఫాగ్ కలిపి వేయాల్సిన సందర్భాల్లో మంచు మాత్రం లేదు.

అసలు ఈ ఆర్పుడు ఎందుకు మొదలైందంటే కంటి బాధ ఒక్కటే కాదు, చట్టాలు కూడా ఉన్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల వాహన చట్టాల్లో, ముందువైపు 300 క్యాండెలా (వెలుతురు తీవ్రతకి కొలత) దాటిన లైట్లు ఒకేసారి నాలుగుకి మించి వెలగకూడదని ఉంటుంది. నాలుగు హెడ్‌లైట్లుండే బండ్లలో హై వేస్తే నాలుగూ వెలుగుతాయి, దాని మీద రెండు ఫాగ్ లైట్లంటే ఆరు. అలా చాలా బండ్లకి ఈ అలవాటు వచ్చింది. మన బండిలో హెచ్4లు రెండే, ఫాగ్ రెండు, మొత్తం నాలుగే, ఆ లెక్కన గట్టెక్కేది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వది ఇంకో దారిలో పోతుంది, ముందు ఫాగ్ లైట్లని హై, లో బీమ్‌లతో సంబంధం లేకుండా వేసుకోగలగాలి, ఆర్పుకోగలగాలి అంటుంది. ఒకచోట వద్దన్నదానికి ఇంకోచోట వీలుండి తీరాలి. వైరు ముట్టుకునే ముందు మీరు తిరిగే చోట ఏ రూలుందో చూసుకోండి, తనిఖీల్లో బండి ఆగిపోతే రిలే గురించి అక్కడ ఎవరూ వినరు.

రెండో రాత్రి పని ఇది. రిలే 85 పిన్నుకి మూడు కాళ్ళ టోగుల్ స్విచ్ మధ్య కాలు కలిపాను. ఒక పక్క కాలుకి పాత హై బీమ్ వైరు, రెండో పక్క కాలుకి ఎర్త్. స్విచ్ పైకి ఉంటే బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే, హై వేస్తే ఫాగ్ ఆరుతుంది. కిందికి నొక్కితే హైతో కలిసి వెలుగుతాయి. స్విచ్‌లో పోయేది 150 మిల్లీఆంపియర్లే కాబట్టి సన్నటి వైరు, చిన్న స్విచ్ చాలు, లైట్ల కరెంటు మొత్తం క్యాబిన్‌లోకి లాక్కొచ్చి లావుపాటి స్విచ్ పెట్టే పని లేదు.

ఇంకేముంది, టేపు చుట్టి సర్దబోతుంటే మా కుర్రాడు, "అన్నా, హై బీమ్ వైరు లోపలికి తెచ్చావు కదా, ఫైర్‌వాల్ దగ్గర రేకుకి కోసుకుంటే?" అన్నాడు. నా బుర్రకి తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఫైర్‌వాల్ అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనుండే రేకు గోడ, ఆ వైరు దానికి తగిలితే హై బీమ్ సర్క్యూట్ మొత్తం షార్ట్, కొండ మలుపులో హై వేయగానే ఫ్యూజ్ ఎగిరి కటిక చీకటి. పైగా స్విచ్ లోపల కాంటాక్ట్ పాడై రెండు పక్క కాళ్ళూ ఒకేసారి కలిసినా అదే గతి, హై బీమ్ నేరుగా ఎర్త్. అందుకని బానెట్ కింద, హై వైరు నుంచి చీలే చోటే, 1 ఆంపియర్ ఫ్యూజ్ హోల్డర్ వేశాం. ఏం జరిగినా పోయేది ఆ చిన్న ఫ్యూజే, హెడ్‌లైట్లు ఉంటాయి. స్విచ్ కొనేటప్పుడు కూడా చూసుకోవాలి, ఒక కాంటాక్ట్ వదిలాకే ఇంకోటి పట్టుకునే రకం కావాలి, మామూలు టోగుల్‌లు అలాగే ఉంటాయి. ఫైర్‌వాల్ కన్నానికి గ్రామెట్ అనే రబ్బరు రింగు వేసి, వైరుకి స్లీవ్ తొడిగి బిగించాం. ఆ రోజు టీ కుర్రాడికి నేనే తెచ్చిచ్చా.

తర్వాత లైట్ల ఎత్తు చూశాను, ఇది మొదటిసారే చేయాల్సింది. బండి గోడకి 10 మీటర్ల దూరంలో, టైర్లలో గాలి సరిచూసి, సమతలం మీద పెట్టి, ఫాగ్ లైట్ మధ్య బిందువు ఎత్తుని గోడ మీద గీశాను. వెలుగు పై అంచు ఆ గీతకి 15 నుంచి 20 సెంటీమీటర్లు కింద ఉండాలి అనేది నేను పాటించే లెక్క. కుడివైపుది సరిగ్గా గీత మీదే కూర్చుంది. ఎదుటివాళ్ళొస్తే ఈయన డిప్ చేసినా ఫాగ్ అలాగే వెలుగుతుంది కాబట్టి అది కిందికి దిగకపోతే హై ఆర్పి లాభం లేదు. స్క్రూ తిప్పి దించాను.

ఇక మిగతా రకాల గురించి, ఇదే పని తలపెట్టేవాళ్ళ కోసం. కాయిల్‌కి లో బీమ్ నుంచి సప్లై వచ్చే బండిలో, చాలామంది చేసే ఘోరం ఒకటుంది: లో వైరుకీ హై వైరుకీ నేరుగా ఒక ముక్క కలిపేస్తారు, అలా చేస్తే ఏది వేసినా కాయిల్‌కి కరెంటు వస్తుందని. వస్తుంది, దాంతో పాటు హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లూ ఒకేసారి వెలుగుతాయి, ఒక్కో బల్బులో 115 వాట్లు, హోల్డర్ మైనంలా కరుగుతుంది. అలా కరిగిన హోల్డర్లు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. చేయాల్సింది, కరెంటుని ఒకే వైపు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్‌లు రెండు వేయడం, ఒకటి లో నుంచి, ఒకటి హై నుంచి, చార ఉన్న కొసలు రెండూ కలిపి కాయిల్‌కి. కరెంటు కాయిల్ వైపు పోతుంది, ఒక వైరు నుంచి ఇంకో వైరుకి పోదు. 0.7 వోల్టు పోగొట్టినా రిలే పట్టించుకోదు. ఇక్కడ కూడా మధ్యలో స్విచ్ పెట్టుకోవచ్చు, హై వైపు డయోడ్‌కి వరసలో పెడితే చాలు.

మాడ్యూల్ నడిపే కొత్త బండ్లలో మాత్రం వైరు కోసే ముందు పదిసార్లు ఆలోచించండి. అక్కడ లైట్లు ఆర్పేది సాఫ్ట్‌వేర్, కొన్ని బండ్లలో డయాగ్నస్టిక్ టూల్‌తో ఆ సెట్టింగే మార్చొచ్చు, అది కుదిరితే అదే శుభ్రమైన దారి. కుదరకపోతే మాడ్యూల్ అవుట్‌పుట్ మీద బయటి నుంచి కరెంటు తోయకండి, అది ఫాల్ట్ రాసుకుని ఆ లైన్ మూసేస్తుంది, కర్మ చాలకపోతే మాడ్యూలే పోతుంది. విడిగా రిలే, విడిగా ఫ్యూజ్, బ్యాటరీ నుంచి సొంత వైరు వేసుకోవాలి. సిగ్నల్ తీసుకునే వైరులో కరెంటు తునకలు తునకలుగా వస్తుంటే రిలే కందిరీగలా జుయ్యిమంటుంది, ఆ మోత వినబడిందంటే అక్కడ రిలే పని చేయదని అర్థం, ఇంకో సిగ్నల్ వెతుక్కోండి.

ఆరు నెలల తర్వాత బండి వేరే పని మీద వచ్చింది. ఫాగ్ హౌసింగ్‌లు తీసి చూశా, కొత్త హోల్డర్లు కొత్తగానే ఉన్నాయి, రిఫ్లెక్టర్ మరక పెరగలేదు. టోగుల్ పైకే ఉంది. వాడుతున్నారా అని అడిగితే, "మట్టిరోడ్లో, మలుపుల్లో కిందికి నొక్కుతా, తార్రోడ్డు ఎక్కగానే తీసేస్తా. ఎక్కువసార్లు పైనే ఉంటుంది" అన్నారు. తాళాలు తీసుకుని బండెక్కుతూ మళ్ళీ అడిగారు, హెడ్‌లైట్లకి ఆ ఎల్ఈడీ బల్బులు ఇంట్లో ఊరికే పడున్నాయి, వేసేయమంటారా అని. టోగుల్ పైకి ఉన్నంతసేపూ మీ ఫాగ్ లైట్ల ఎర్త్ ఆ హై ఫిలమెంట్ల మీద నుంచే పోతోందండీ అన్నాను. ఆయనొక క్షణం ఆలోచించి, "నీలం గుర్తు సన్నగా వెలుగుతుంది, అదేగా?" అని నవ్వి బండి స్టార్ట్ చేశారు.